షుగర్ ఉన్నవాళ్ల చిగుళ్లు: మూడు నెలల్లో దారిలో పెట్టడం ఎలా

పళ్లు తోముకుని ఉమ్మినప్పుడు నెత్తురు చార కనిపిస్తే మనలో చాలామంది ఆ పక్క బ్రష్ పెట్టడం మానేస్తారు. "చిగురు నొచ్చింది, నాలుగు రోజులు వదిలేద్దాం" అనుకుంటారు. చేయకూడనిది సరిగ్గా అదే. అక్కడ నెత్తురు వచ్చేది బ్రష్ తగలడం వల్ల కాదు, ఇన్నాళ్లూ బ్రష్ సరిగ్గా తగలకపోవడం వల్ల.

1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హారల్డ్ లోయె అనే దంత పరిశోధకుడు, ఆయన సహచరులు, ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోముకోవడం పూర్తిగా మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలయ్యాయి. అంటే చిగురు అంచున పేరుకున్న పాచి రెండు మూడు వారాల్లో వాపు తెస్తుంది, దాన్ని తీసేస్తే వాపు దానంతటదే పోతుంది. ఈ దశ దాటనివ్వకపోతే నష్టమేమీ మిగలదు.

దాటితే కథ వేరు. పాచి లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. చిగురు పంటి నుంచి విడివడి సంచిలా లోతు పడుతుంది, ఆ సంచిలో బ్రష్ అందని చోట సూక్ష్మజీవులు కాపురం పెడతాయి, పంటిని పట్టుకున్న ఎముక కరగడం మొదలవుతుంది. జనం పయోరియా అనేది దీన్నే. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. ఇక నుంచి చేయగలిగింది ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం.

షుగర్‌కీ దీనికీ సంబంధమేమిటి?

ఇదే లోయె బృందం శ్రీలంక తేయాకు తోటల్లో, పళ్లు తోముకునే అలవాటే లేని కూలీలను ఏళ్ల తరబడి గమనించి 1986లో ఫలితాలు ప్రకటించింది. అందరి నోళ్లలోనూ పాచి, గార దండిగా ఉన్నాయి. అయినా వంద మందిలో 8 మందికి ఎముక వేగంగా కరిగింది, 81 మందికి మధ్యస్థంగా, 11 మందికి చిగుళ్ల వాపు దగ్గరే ఆగిపోయింది. పాచి ఒక్కటే నష్టాన్ని నిర్ణయించదు, ఒళ్లు దానికి ఎలా స్పందిస్తుందన్నది కూడా నిర్ణయిస్తుంది. ఆ స్పందనను చెడగొట్టే వాటిలో పొగాకు, అదుపు తప్పిన షుగర్ ముందుంటాయి.

రక్తంలో గ్లూకోజు ఎక్కువగా ఉంటే సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల కణాలు సరిగ్గా పనిచేయవు, వాపు మాత్రం ఆగకుండా సాగుతుంది, పుండు ఆలస్యంగా మానుతుంది, నోరు ఎండిపోతుంది. అందుకే 1993లో లోయె చిగుళ్ల జబ్బును షుగర్ తెచ్చిపెట్టే ఆరో ముప్పు అన్నాడు. ఇది ఒకవైపు దారి కాదు. ముదిరిన చిగుళ్ల జబ్బులో సంచుల లోపలి పుండునంతా పరిచి కొలిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా వస్తుందని అంచనా. కాలి మీద అంత పుండు ఉంటే ఆ రోజే ఆస్పత్రికి పరుగెత్తుతాం. నోట్లో ఉంది కాబట్టి కనపడదు, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. అక్కడి నుంచి రక్తంలో కలిసే వాపు రసాయనాలు ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి.

చిగుళ్లకు సరైన వైద్యం చేస్తే మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ, అంటే సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను శాతంలో చూపే రక్తపరీక్ష అంకె, సగటున 0.4 దాకా తగ్గుతుందని అనేక పరీక్షలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. 8.0 ఉన్నది 7.6 అయినట్టు. మాత్ర మానేసేంత కాదు కానీ వదులుకునేంత చిన్నదీ కాదు. మన దేశంలో 10 కోట్లకు పైగా షుగర్ రోగులున్నారని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్క. వాళ్లలో పాదాలు, కళ్లు చూపించుకునేవాళ్లు కొందరైనా ఉన్నారు. చిగుళ్లు చూపించుకునేవాళ్లు బహు తక్కువ.

ముందు అద్దం ముందు నిలబడండి

పగటి వెలుతురులో పెదవి ఎత్తి చూడండి. మామూలు చిగురు పంటికి అతుక్కుని, రెండు పళ్ల మధ్య సన్నని మొనలా ఉంటుంది. రంగు మనిషిని బట్టి గులాబీ నుంచి ముదురు గోధుమ దాకా ఉండొచ్చు. మన వాళ్లలో నల్లటి మచ్చలున్న చిగుళ్లు సహజం, అది జబ్బు కాదు. అంచు ఉబ్బి మెరుస్తుంటే, ఎర్రగా గానీ ఊదాగా గానీ ఉంటే, వేలితో నొక్కితే నెత్తురో చీమో వస్తే, పళ్లు మునుపటి కంటే పొడుగ్గా కనిపిస్తుంటే, ముందు పళ్ల మధ్య కొత్తగా సందు పడితే అది జబ్బే. తోమిన గంటకే వాసన తిరిగి రావడం ఇంకో గుర్తు.

పొగ తాగేవాళ్లు, ఖైనీ, గుట్కా వేసేవాళ్లు "నాకు నెత్తురు రావడం లేదు కదా" అని నిశ్చింతగా ఉండొద్దు. నికోటిన్ చిగుళ్లలోని సన్న రక్తనాళాలను కుదించి నెత్తురును దాచేస్తుంది, లోపల ఎముక మాత్రం కరుగుతూనే ఉంటుంది. ఉత్తరాంధ్రలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటున్న పెద్దవాళ్లుంటే చిగుళ్లతో పాటు అంగిలి కూడా చూపించాలి, అక్కడ క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ.

డెంటిస్టు దగ్గర ఏం అడగాలి?

గార పట్టాక ఇంట్లో ఏం తోమినా పోదు. మూడు నెలల పనిలో మొదటిది దాన్ని తీయించడం. హైదరాబాద్, విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో పీరియడాంటిక్స్ అనే విభాగం ఉంటుంది, చిగుళ్ల పని వాళ్లదే. ప్రైవేటులోనైతే "క్లీనింగ్ చేయండి" అని ఊరుకోకుండా "చిగుళ్ల లోతు కొలిచి అంకెలు రాసివ్వండి" అని అడగండి. గీతలున్న సన్న కడ్డీని చిగురు అంచులోకి దింపి ఒక్కో పంటికి ఆరు చోట్ల కొలుస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు మామూలు. 4, 5 ఉంటే సంచి పడినట్టు. 6 దాటితే పని పెద్దదే. ఎముక ఎంత పోయిందో ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఈ కాగితం దాచుకోండి, మూడు నెలల తర్వాత దీనితోనే పోల్చాలి.

లోతు 3 లోపే ఉంటే మామూలు స్కేలింగ్, అంటే పైపైన పట్టిన గార తీయడం, చాలు. 4 అంతకంటే ఎక్కువ ఉన్నచోట్ల మత్తు సూది ఇచ్చి చిగురు కింద, వేరు మీద పట్టిన గారను గీకుతారు. నోటిని భాగాలు చేసుకుని రెండు నుంచి నాలుగు సార్లు రమ్మనొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు పొద్దుటి వేళకు అపాయింట్‌మెంట్ తీసుకుని, టిఫిన్ తిని, మాత్ర గానీ ఇన్సులిన్ గానీ మామూలుగా తీసుకునే వెళ్లాలి. ఖాళీ కడుపుతో వెళ్లి కుర్చీలో షుగర్ పడిపోయి చెమటలు పట్టడం తరచూ జరిగేదే. ఈ మధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ రిపోర్టు, వాడుతున్న మందులన్నీ వెంట ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్లకు గార తీసే ముందు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది, కాబట్టి అది తప్పక చెప్పాలి.

"క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయి, సందులు పడతాయి" అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. నిజానికి ఎముక అప్పటికే పోయి ఉంటుంది. ఆ ఖాళీని గార పూడ్చి పంటికి పంటిని అతికించినట్టు పట్టి ఉంచుతుంది. దాన్ని తీయగానే ఉన్న సంగతి బయటపడుతుంది. వాచిన చిగురు తగ్గడం వల్ల కూడా పన్ను పొడుగ్గా, సందుగా కనిపిస్తుంది. చల్లటి నీళ్లకు జివ్వుమనడం సాధారణంగా కొద్ది రోజులో, కొన్ని వారాలో ఉండి తగ్గుతుంది.

మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కుని మింగితే వాపు నాలుగు రోజులు అణిగి మళ్లీ వస్తుంది. పాచి జిగురు పొరలో దాక్కున్న సూక్ష్మజీవులను మాత్ర ఒక్కటే చేరలేదు, చేత్తో గీకి తీయాల్సిందే.

ఇంట్లో తోమడం: ఎక్కడ, ఎలా

మెత్తటి కుచ్చు, చిన్న తల ఉన్న బ్రష్. శనగగింజంత ఫ్లోరైడ్ పేస్టు. కుచ్చును పంటి మీద కాకుండా పన్నూ చిగురూ కలిసే అంచున పెట్టి, చిగురు వైపు ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీలు వంచండి. అక్కడే ఉంచి రెండు మూడు పళ్లకు ఒకసారి చొప్పున చిన్నగా పది పన్నెండు సార్లు వణికించి, తర్వాత అంచు వైపు తుడవండి. అడ్డంగా రంపం కోసినట్టు లాగితే చిగురు జారుతుంది, పంటి మెడ అరుగుతుంది. అలవాటుగా ముందు పళ్ల బయటి వైపు నుంచి మొదలుపెడతాం, ఓపికంతా అక్కడే అయిపోతుంది. దాని బదులు కింది ముందు పళ్ల లోపలి వైపు నుంచి మొదలుపెట్టండి. లాలాజల గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకుంటాయి కాబట్టి గార ఎక్కువగా అక్కడ, పై దవడ పళ్ల బుగ్గ వైపు పడుతుంది. మొత్తం రెండు నిమిషాలు. రెండు పూటల్లో ఒకటి వదలాల్సి వస్తే పొద్దుటిది వదలొచ్చు గానీ రాత్రిది కాదు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, కడిగే నాథుడుండడు.

బ్రష్ ఎంత బాగా తోమినా పంటి సందుల్లోకి పోదు, చిగుళ్ల జబ్బు ఎక్కువగా మొదలయ్యేదేమో అక్కడే. సందులున్నవాళ్లకు సన్నని సందు బ్రష్‌లు దొరుకుతాయి, మందుల షాపులో ఇంటర్‌డెంటల్ బ్రష్ అని అడగాలి. కొద్దిగా బిగువుగా దూరాలి, తీగ పంటికి రాసుకోకూడదు. నోట్లో అన్ని సందులూ ఒకే కొలతలో ఉండవు గనుక రెండు సైజులు కావాల్సి రావొచ్చు, మొదటిసారి డెంటిస్టునే పెట్టి చూపించమనండి. పేస్టు లేకుండా దూర్చి నాలుగైదు సార్లు ముందుకు వెనక్కు ఆడించి, కడిగి పెట్టుకోవాలి. సందు లేనిచోట ఫ్లాస్ దారం: మూరెడు తెంపి, పంటి చుట్టూ వంచి, చిగురు అంచు కిందికి మెల్లగా దింపి పైకి లాగాలి. టక్కున దింపితే చిగురు తెగుతుంది. రోజుకు ఒకసారి, రాత్రి తోమే ముందు చేస్తే చాలు.

మొదటి వారం నెత్తురు ఎక్కువగానే వస్తుంది. బెదిరి ఆపేవాళ్లు ఇక్కడే ఆపుతారు. గార తీయించాక రోజూ చేస్తుంటే రెండు వారాలకు చాలా చోట్ల ఆగిపోవాలి. ఇంకా వస్తున్న చోటును గుర్తు పెట్టుకోండి. అక్కడ సంచి లోతుగా ఉండొచ్చు, లేదా గార మిగిలి ఉండొచ్చు.

పిన్నీసు, చీపురు పుల్ల, అగ్గిపుల్లతో గుచ్చుకోవడం మానాలి. బొగ్గు, కచ్చిక, ఇటుక పొడి, గరుకు ఉప్పు పంటిని అరగదీస్తాయి. వేపపుల్లను బాగా నమిలి కుచ్చు మెత్తగా చేస్తే బయటి వైపు పాచి పోతుంది, లోపలి వైపు వంగదు, సందుల్లోకి పోదు. ఇష్టమైతే పొద్దున వేపపుల్ల, రాత్రి బ్రష్. పొగాకు కలిపిన పళ్లపొడి అయితే ఏ పూటా వద్దు. నూనె పుక్కిలించడం వల్ల పెద్ద హాని లేదు, కానీ దాన్ని నమ్ముకుని సందులు వదిలేస్తే లాభం లేదు.

క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మౌత్‌వాష్ రాసిస్తే 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రెండు పూటలా. పేస్టుతో తోమిన వెంటనే వాడితే పేస్టులోని నురుగు పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది, కనీసం అరగంట ఆగండి. రెండు వారాలకు మించి సొంతంగా వాడితే పళ్లు, నాలుక గోధుమరంగు పడతాయి, రుచి మారుతుంది. టీ ఎక్కువగా తాగేవాళ్లకు ఈ మరక ఇంకా ముందే వస్తుంది. గోరువెచ్చని గ్లాసు నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే నొప్పికి ఉపశమనం, అంతవరకే.

తిండి ఎంతవరకు పనిచేస్తుంది?

స్విట్జర్లాండ్‌లో ఒక టీవీ కార్యక్రమం కోసం 10 మంది నాలుగు వారాలు రాతియుగపు మనుషుల్లా బతికారు. పంచదార, మైదా లేవు. బ్రష్, పేస్టు కూడా లేవు. వాళ్ల చిగుళ్లను ముందూ వెనకా పరీక్షించిన దంతవైద్యులు 2009లో ఫలితం ప్రకటించారు: పాచి పెరిగింది, కానీ తాకితే నెత్తురొచ్చే చోట్లు 34.8 శాతం నుంచి 12.6 శాతానికి తగ్గాయి. చిన్న పరీక్షే గానీ చెప్పే సంగతి పెద్దది. తిండి పాచిని తీయదు, పాచి మీద ఒంటికొచ్చే మంటను తగ్గిస్తుంది. అందుకని తిండి మార్చి బ్రష్ మానడమూ, బ్రష్ పట్టుకుని తిండి మార్చకపోవడమూ రెండూ సగం పనే.

మొదట సరిచేయాల్సింది టీ. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల పంచదార అంటే ఎనిమిది చెంచాలు. రోజు మొత్తానికి ఆరు చెంచాలు, సుమారు 25 గ్రాములు, దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఈ ఎనిమిదీ నేరుగా గ్లూకోజు మీటరు మీద కనిపిస్తాయి. ఒక్కసారిగా మానలేకపోతే వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుగు వారాల్లో పంచదార లేని టీకి వస్తారు. బెల్లం, తేనె, తాటిబెల్లం మంచివే కదా అనే వాదన ఇక్కడ పనికిరాదు. రక్తంలోకి వెళ్లాక లెక్క ఒకటే. టీతో బిస్కెట్టు బదులు గుప్పెడు వేరుశనగలో, వేయించిన శనగలో. రాత్రి తోమాక పాలు, పండు ఏదీ వద్దు.

కంచం విషయానికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, బియ్యం వంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు, గుడ్డు, మాంసం వర్గం 85 గ్రాములు చెప్పింది. మన కంచాల్లో ఈ లెక్క సాధారణంగా తలకిందులుగా ఉంటుంది: అన్నం గుట్ట, కూర అంచుకు. పూటకు ఒక గరిట అన్నం తీసి ఆ చోట కూర, పప్పు పెట్టుకోవడం చెప్పినంత సులువు కాదు, కానీ షుగర్‌నూ చిగుళ్లనూ కలిపి కదిలించేది ఇదే. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు అన్నం బాగా తగ్గించే ముందు డాక్టరుకు చెప్పాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది.

సి విటమిన్ లేకపోతే చిగుళ్లు వాచి నెత్తురు కారతాయని నావికుల స్కర్వీ జబ్బుతో లోకానికి తెలిసింది. 1747లో జేమ్స్ లిండ్ 12 మంది రోగుల్లో ఇద్దరికి నారింజ, నిమ్మ పండ్లిచ్చి చూస్తే వాళ్లే ముందు కోలుకున్నారు. అక్కడి నుంచి "నెత్తురొస్తే సి విటమిన్ మాత్ర" అనే అలవాటు పాతుకుపోయింది. మన దగ్గర చిగుళ్ల నెత్తురుకు అసలు కారణం చాలావరకు పాచి, మాత్ర చప్పరిస్తే అది పోదు. పెద్దలకు రోజుకు 65 నుంచి 80 మిల్లీగ్రాములు చాలు. జామకాయలో 100 గ్రాములకు సుమారు 200 ఉంటుంది, కాబట్టి రోజుకు సగం కాయ సరిపోతుంది, షుగర్ ఉన్నా ఆ మాత్రం తినొచ్చు. దోరగా ఉన్నది, ముక్కలుగా, జ్యూస్ కాకుండా. గింజలు సంచుల్లో ఇరుక్కుంటాయి, తిన్నాక గట్టిగా పుక్కిలించండి. ఉసిరికాయ పచ్చిది మంచిదే, ఏడాది ఊరిన ఉసిరి పచ్చడిలో ఉప్పే ఎక్కువ. చేపలు తినేవాళ్లు వారానికి రెండుసార్లు కవళ్లు, కానాగంతల వంటి కొవ్వు చేపలు పులుసు పెట్టుకుంటే వాపును తగ్గించే ఒమేగా కొవ్వులు అందుతాయి. తిననివాళ్లకు అవిసె గింజల పొడి ఉంది, బలం కొంత తక్కువ.

మందులు, మిగతా ఒళ్లు

బీపీకి ఆమ్లోడిపిన్ వాడే కొందరికి చిగుళ్లు పళ్ల మీదికి పెరుగుతాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్‌తోనూ అంతే. మాత్ర ఆపొద్దు. రాసిన డాక్టరుకు చూపిస్తే వేరే మందు సంగతి ఆలోచిస్తారు. పాచి లేనిచోట ఈ పెరుగుదల తక్కువగా ఉంటుంది.

గుండె జబ్బుకూ చిగుళ్లకూ సంబంధం గట్టిగా కనిపిస్తోంది గానీ, చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు ఆగుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. గర్భిణులకూ అంతే: చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో నెలలు నిండని కాన్పులు ఎక్కువగా కనిపించినా, గర్భంలో స్కేలింగ్ చేసిన పెద్ద పరీక్షల్లో అవి తగ్గలేదు. అయితే ఆ స్కేలింగ్ వల్ల హాని కూడా కనిపించలేదు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా చేయించుకోవడం సౌకర్యం.

మంచాన ఉన్న పెద్దవాళ్లకు నోటి శుభ్రత ఊపిరితిత్తుల విషయం. నోట్లోని సూక్ష్మజీవులు ఉమ్మితో పాటు కిందికి జారి నిమోనియా తెస్తాయి. తల ఎత్తి పక్కకు తిప్పి, కొద్దిగా పేస్టుతో మెత్తటి బ్రష్‌తో తోమి, తడిగుడ్డతో తుడిచేయండి. కట్టుడు పళ్లు రాత్రి తీసేయాలి.

ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి దానంతట అదే నెత్తురు వస్తే డెంటిస్టు కాదు, ఆస్పత్రి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయినా, రక్త జబ్బులున్నా అలా వస్తుంది. దవడ కింద గట్టిగా వాచి నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా ఆ రాత్రే వెళ్లాలి. రెండు వారాలైనా మానని పుండును చూపించాలి. చిగుళ్లలో చీముగడ్డలు మళ్లీ మళ్లీ లేస్తుంటే, షుగర్ లేదనుకునేవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి.

మూడు నెలలకు

హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటు చూపిస్తుంది గనుక గార తీయించిన మూడు నెలలకు దాన్నీ, చిగుళ్ల లోతునూ ఒకే వారంలో కొలిపించండి. పాత కాగితం పక్కన పెట్టి చూడండి. 5 ఉన్న చోట 3, 4కి వచ్చి నెత్తురు ఆగితే ఆ చోటు నిలబడ్డట్టు. 6 అంతకు మించి ఉండి, ఇంకా నెత్తురు వస్తుంటే ఆ పళ్లకు చిగురు తెరిచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్ గురించి మాట్లాడతారు. షుగర్ అదుపులో లేకపోతే దాన్ని వాయిదా వేయొచ్చు. చిగుళ్లు తగ్గి షుగర్ తగ్గకపోతే మందులు, తిండి మళ్లీ చూడాల్సింది షుగర్ డాక్టరు. షుగర్ తగ్గి చిగుళ్లు తగ్గకపోతే సందు బ్రష్ సైజు, మిగిలిన గార, మానని పొగాకు, ఈ మూడూ ఆ వరుసలో వెతకండి. ఆ తర్వాత శుభ్రం చేయించడం ఆరు నెలలకోసారి కాదు, జబ్బు ముదిరి నిలబడినవాళ్లకు మూడు నాలుగు నెలలకోసారి.